సమూహాల గురించి బోధించడం – పాఠం 3: ఉప్పుతో మొదలుపెడదాం

కిందటి పాఠంలో మీ ఊళ్లో ఏయే సమూహాలు ఉన్నాయో రాసుకోమన్నాను. ఈసారి ఒక్క సమూహాన్ని తీసుకుని పీరియడ్ నడపడం చూద్దాం. నేను లంబాడీలను ఎంచుకున్నాను. బంజారాలన్నా, సుగాలీలన్నా వాళ్లే.

ఈ పాఠం మామూలుగా ఎలా సాగుతుందో మీకు తెలియంది కాదు. అద్దాల రవికె, చేతినిండా గాజులు, తీజ్ పండగ, ఒక ఫొటో. పిల్లలు "భలే ఉంది సార్" అంటారు, బెల్లు కొడతారు. బట్టల గురించి చెప్పడం తప్పు కాదు గానీ, వాటితో మొదలుపెడితే అక్కడే ఆగిపోతాం. అందుకే పనితో మొదలుపెట్టండి.

బోర్డు మీద ఒకే ప్రశ్న రాయండి: "రైళ్లు, లారీలు లేని రోజుల్లో వరంగల్‌కి ఉప్పు ఎలా వచ్చేది?"

ఒకరిద్దరు బండి అంటారు. మరి బండి వెళ్లే బాట లేనిచోట? మ్యాపు ఇచ్చి, కోస్తాలోని ఉప్పు మడుల నుంచి దక్కను మీదికి పెన్సిల్‌తో గీత గీయమనండి. దారిలో వాగులెన్ని, అడవులెన్ని, వానాకాలంలో ఏమవుతుంది, రాత్రి ఎద్దులు ఎక్కడ మేస్తాయి అని అడుగుతూ పోండి. అప్పుడు చెప్పండి: ఎద్దుల వీపు మీద గోనెలు వేసుకుని ఆ దారుల్లో ఉప్పు, ధాన్యం మోసింది బంజారాలు. పెళ్లాం పిల్లలతో సహా తండా మొత్తం నడిచేది, ముందు తండా పెద్ద, అంటే నాయక్ ఉండేవాడు. మొఘలుల సైన్యాలకూ, 1791లో టిప్పు సుల్తాన్ మీదికి వెళ్లిన ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ సైన్యానికీ ధాన్యం అందించింది వాళ్లే. వాళ్లు రాకపోతే సైన్యానికి పస్తే.

ఆ తర్వాతి భాగంలో వరుస ముఖ్యం. ముందు రైలు గురించి చెప్పండి, తర్వాతే చట్టం. 19వ శతాబ్దం రెండో సగంలో రైలుమార్గాలు పెరిగేకొద్దీ ఎద్దుల రవాణా దెబ్బతింది. 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. కొన్ని సమూహాలను మొత్తంగా, పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి జాబితాకెక్కించిన చట్టమది. చాలాచోట్ల బంజారాలనూ ఆ జాబితాలోకి ఎక్కించారు. 1952 దాకా ఆ చట్టం రద్దు కాలేదు. వరుస తిరగేసి చెప్పారనుకోండి, పిల్లల మనసులో "నేరస్థ" అన్న ముద్రే ముందు పడుతుంది. ఇక అది పోదు.

ఇక్కడ చాలామంది తడబడే సంగతి ఒకటుంది. క్లాసులో తండా నుంచి వచ్చిన పిల్లాడు ఉంటే "నువ్వు చెప్పరా, మీ వాళ్ల గురించి" అనకండి. అందరి కళ్లూ వాడి మీద పడతాయి. వాడంతట వాడు చెయ్యెత్తితే వేరే మాట.

చివరి పది నిమిషాలు ఇప్పటి కాలానికి ఉంచండి. తెలంగాణలో లంబాడీలు ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతులు, అంటే ఆ నేరస్థ జాబితా నుంచి తీసేసిన సమూహాలు. ఒకే సమూహానికి మూడు చోట్ల మూడు గుర్తింపులు! ఎందుకో వెంటనే చెప్పేయకండి, పిల్లల్ని వాదించుకోనివ్వండి. తెలంగాణలో 2018 చట్టంతో వెయ్యికి పైగా తండాలు, గూడేలు గ్రామ పంచాయతీలయ్యాయని మాత్రం చెప్పండి. నాయక్ ఉన్నచోటికి సర్పంచ్ వచ్చాక ఏం మారి ఉంటుందో అడగండి.

అభ్యాసం: మీ జాబితాలోంచి వేరే సమూహాన్ని తీసుకోండి. వాళ్ల పండగలు, బట్టల ఊసెత్తకుండా, వాళ్ల పని గురించి ఎనిమిదో తరగతి పిల్లలను అడగదగ్గ మూడు ప్రశ్నలు రాయండి. "అవును", "కాదు" అనే జవాబుతో తేలిపోయేవి కొట్టేయండి. మిగిలినవాటితో పాఠం 4లో పీరియడ్ ప్లాన్ వేద్దాం.