పెద్దవాళ్ల ఆపరేషన్‌కి ముందే పవర్ ఆఫ్ అటార్నీ పని చూసుకోండి

ఇంట్లో పెద్దవాళ్లకి ఆపరేషన్ అనగానే ఇన్సూరెన్స్ కార్డు, రక్తం, ఎవరు సెలవు పెట్టాలి, ఇవే చూసుకుంటాం. డబ్బు తీసే సంతకం సంగతి గుర్తుకే రాదు. ఇక్కడ బెంగళూరులో మా నాన్నగారికి గుండె ఆపరేషన్ చేయించినప్పుడు మాకూ రాలేదు. ఆయన తొమ్మిది రోజులు ఐసీయూలో ఉంటే, పెన్షన్, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆయన ఒక్కరి పేరు మీదే ఉండడంతో పైసా కదల్లేదు. అమ్మ పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకు కౌంటర్ దగ్గర గంటసేపు నిలబడి వచ్చింది. మేము అప్పు తెచ్చి బిల్లు కట్టాం.

మన తరఫున బ్యాంకులాంటి పనులు చేయమని ఇంకొకరికి రాసిచ్చే కాగితమే పవర్ ఆఫ్ అటార్నీ, వాడుకలో 'పవర్'. దీని విషయంలో అందరూ పొరబడేది ఒకటుంది. అమెరికాలో ఉన్న చుట్టాలు "డ్యూరబుల్ పవర్ రాయించుకోండి, స్పృహ లేకపోయినా పనికొస్తుంది" అంటారు, కానీ అది అక్కడి చట్టం. మన కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం పవర్ ఇచ్చిన మనిషి చనిపోయినా, మతిస్థిమితం తప్పినా ఆ పవర్ అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి మనిషి తెలివిగా ఉండి మంచం దిగలేనప్పుడు, లేదా ఆరు నెలలు పిల్లల దగ్గరికి విదేశం వెళ్లినప్పుడు పవర్ పనికొస్తుంది. స్పృహే లేకపోతే ఆదుకునేది జాయింట్ ఖాతా, అదీ ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా 'ఈదర్ ఆర్ సర్వైవర్' అని ఉంటేనే. అది కూడా లేకపోతే సంరక్షకుణ్ణి నియమించమని కోర్టుకి వెళ్లాల్సిందే. అందుకని పవర్, జాయింట్ ఖాతా రెండూ ముందే చేసి పెట్టుకోండి. నామినీ ఉన్నారుగా అని ధైర్యంగా ఉండకండి, నామినీకి పని పడేది మనిషి పోయాకే.

రాయించే ముందు బ్యాంకుకి వెళ్లి వాళ్ల ఫారం ఏదో అడగండి, చాలా బ్యాంకులకి సొంత నమూనా ఉంటుంది. ఏ ఖాతా, ఏ డిపాజిట్, ఏ పనికి అన్నది నంబర్లతో సహా రాయించండి.

నాన్నగారు కోలుకున్నాక మేము రాయించిన కాగితం ఇంగ్లీషులో ఉంది, ఇక్కడ ఇంగ్లీషో కన్నడమో ఉంటుంది కదా, అందుకని ఒక్కో వాక్యం నేను తెలుగులో చెబుతుంటే ఆయన కళ్లజోడు సర్దుకుంటూ వింటున్నారు. నాలుగో పేరా దగ్గర వేలు పెట్టి ఆపేశారు. "ఇల్లు అమ్మే మాట ఇందులో ఎందుకమ్మా?" టైపు చేసినాయన పాత మేటర్‌లో ఖాతా నంబర్లు మార్చి ఇచ్చేశాడు! ఆస్తి అమ్మే, తాకట్టు పెట్టే మాటలు ఉంటే కొట్టేయించి కొత్త కాగితం తీయించండి. పెద్దవాళ్లకి అర్థమయ్యే భాషలో చదివి వినిపించాకే సంతకం పెట్టించండి, అలా వినిపించినట్టు కాగితంలోనూ రాయించండి.

నోటరీ ముందు మనిషి స్వయంగా ఉండాలి. ఇక్కడ నోటరీలు ఉండే మేయో హాల్ కోర్టుల దాకా తీసుకెళ్లలేకపోతే ఇంటికి వచ్చే నోటరీని మాట్లాడుకోండి, అంతేగానీ మనిషిని చూడకుండా ముద్ర వేస్తానంటే ఒప్పుకోవద్దు. స్థలాలు, ఇళ్ల రిజిస్ట్రేషన్ పనులకైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే చేయించాలి, కదల్లేని వాళ్ల కోసం ఫీజు కడితే అధికారి ఇంటికి వచ్చే వీలు చట్టంలోనే ఉంది. రిజిస్టరు అమ్మకం లేకుండా ఒట్టి జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద ఇల్లు కొంటే హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది, దాని జోలికి పోకండి. విదేశంలో ఉన్న అన్నదమ్ములు పవర్ పంపితే అక్కడి మన కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపమనండి, అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టాలి.

చేయి వణికి సంతకం కలవకపోతే గొడవ పడకండి. సంతకం పెట్టలేని వాళ్ల వేలిముద్రని ఇద్దరు సాక్షులతో, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయ్యేలా, తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. మేనేజర్‌ని అడగండి.

పవర్ తీసుకున్నవాళ్లు ప్రతి రూపాయీ ఒక నోటుబుక్కులో రాసి, బిల్లు జతచేయండి. తోబుట్టువులకి నెలనెలా ఫోటో తీసి పంపండి. పవర్ వద్దనుకున్న రోజు రద్దు పత్రం రాయించి, కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకున్నాకే ఇంటికి రండి.