మేక ఊపిరితిత్తుల గాలి గొట్టాలకు సిలికాన్ అచ్చు

గాలి గొట్టాల్లో సిలికాన్ నింపి, చుట్టూ ఉన్న మాంసాన్ని కరిగించేస్తే గొట్టాల ఆకారం అచ్చుగా మిగులుతుంది. అది చేసే పద్ధతి ఇది. మేక కుడి ఊపిరితిత్తి ముందు తమ్మెకు (ఊపిరితిత్తిలో విడిగా కనిపించే భాగానికి) వెళ్లే గొట్టం, శ్వాసనాళం రెండుగా చీలకముందే దాని పక్క నుంచి నేరుగా బయల్దేరుతుంది. గొర్రె, ఆవు, గేదె, పందిలోనూ అంతే. కుక్కలో, గుర్రంలో ఇలా ఉండదు. సిలికాన్ ఎక్కించే ప్లాస్టిక్ గొట్టాన్ని లోతుగా దూర్చితే దాని మూతి ఈ శాఖను దాటిపోతుంది, ఆ తమ్మె ఖాళీగా మిగులుతుంది. అందుకే శ్వాసనాళాన్ని వీలైనంత పొడవుగా ఉంచి కోయమని మటన్ కొట్టులో ముందే చెప్పండి. గుండెను విడదీయొద్దనండి, కత్తి గాట్లు ఎక్కువగా అప్పుడే పడతాయి.

గొంతు కోసినప్పుడు రక్తం లోపలికి దిగుతుంది. చల్లటి నీళ్లు పోసి, తలకిందులుగా వేలాడదీసి, నురగ ఆగేదాకా కడగాలి. తర్వాత అక్వేరియం పంపుతో గాలి పట్టించండి. పంపు ట్యూబుకు టీ జాయింటు వేసి, ఒక కొసను 20 సెంటీమీటర్ల లోతు నీళ్లలో ముంచితే, ఒత్తిడి మించినప్పుడు అక్కడ బుడగలుగా పోతుంది. నోటితో మాత్రం ఊదొద్దు. నీటి తిత్తులు (బద్దెపురుగు పిల్లదశ ఉండే సంచులు) కనిపిస్తే ఆ ఊపిరితిత్తిని పక్కన పెట్టేయండి, కుక్కలకు వేయకండి. బద్దెపురుగు చక్రం తిరిగేది అలాగే.

ఉబ్బిన తమ్మెల అంచుల్లో సన్న సూదితో అక్కడక్కడా గుచ్చాలి. సిలికాన్ ముందుకు తోసే గాలికి దారి ఇదే. గుచ్చకపోతే కొమ్మలు నున్నటి గుండ్రటి కొసలతో మధ్యలోనే ఆగిపోతాయి.

తగరం ఆధారిత గట్టిపరిచే ద్రవంతో వచ్చే అచ్చు సిలికాన్ 200 గ్రాములు, సిలికాన్ ఆయిల్ 20 గ్రాములు కలపండి. గట్టిపరిచే ద్రవం డబ్బా మీద చెప్పినంతే, తూకం వేసి, చివర్లో వేయండి. ఎండాకాలం మిశ్రమం తొందరగా బిగుస్తుంది, అన్నీ సిద్ధం చేసుకున్నాకే కలపండి. ఆయిల్ ఎక్కువైతే సిలికాన్ వాయుగోణుల్లోకి (గొట్టాల చివరి చిన్న గాలి సంచుల్లోకి) దిగి, కొమ్మలు కనిపించని స్పాంజిముద్ద తయారవుతుంది. ప్లాటినం రకం సిలికాన్ వాడితే రబ్బరు చేతి తొడుగులు వద్దు, వాటిలోని గంధకం తగిలిన చోట అది జిగటగానే ఉండిపోతుంది.

ఊపిరితిత్తుల్ని టబ్బు నీళ్లలో తేల్చండి, శ్వాసనాళం మూతి పైకి ఉండాలి. బల్ల మీద పెడితే కింది వైపు గొట్టాలు చదునవుతాయి. 50 మిల్లీలీటర్ల సిరంజితో నెమ్మదిగా ఎక్కించండి. పలుచటి అంచుల దగ్గర పైపొర కింద తొలి తెల్లచుక్కలు కనిపించగానే ఆపేయాలి, మిశ్రమం మిగిలినా సరే. శ్వాసనాళాన్ని దారంతో బిగించి 24 గంటలు కదపకండి.

మాంసం కరిగించడానికి లీటరు నీళ్లలో 50 గ్రాముల కాస్టిక్ సోడా. సోడానే నీళ్లలో వేయాలి, నీళ్లను సోడా మీద పోయకూడదు. ప్లాస్టిక్ బకెట్ వాడండి. అల్యూమినియం పాత్రయితే హైడ్రోజన్ పుడుతుంది. రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. రెండు రోజులకోసారి ద్రావణం మార్చండి. సగం కరిగిన కండను లాగితే సన్న కొమ్మలు దానితోపాటే తెగి వస్తాయి. చివరిదాకా నిలిచేవి మృదులాస్థి ఉంగరాలు. వాటిని మెత్తటి బ్రష్‌తో తీయొచ్చు.

శాఖల మధ్య కోణాలు కొలవాలంటే అచ్చును నీళ్లలో ముంచి ఉంచండి, గాలిలో పట్టుకుంటే కొమ్మలు వాలతాయి. వ్యాసాలు మొదటి వారంలోనే వెర్నియర్‌తో రాసుకోండి, తగరం రకం సిలికాన్ క్రమంగా కొద్దిగా కుంచించుకుంటుంది.