‘హ్యాపీ ట్రైల్స్’ ఆల్బమ్‌ను మొదటిసారి ఎలా వినాలి?

25 నిమిషాల పాట అనగానే చాలామందికి టెన్షన్ వస్తుంది. పల్లవి, రెండు చరణాలు, నాలుగున్నర నిమిషాల్లో అయిపోయే సినిమా పాటకు అలవాటుపడ్డ చెవులు మనవి. నేనూ ఈ ఆల్బమ్‌ను మొదటిసారి ఏడెనిమిది నిమిషాలు విని పక్కన పెట్టేశాను. గాయకుడు మళ్లీ ఎప్పుడు పాడతాడా అని ఎదురుచూస్తూ కూర్చోవడమే నేను చేసిన తప్పు. ఇందులో పాడేది గిటార్లే. ఆ సంగతి తెలిశాక దీన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మీకు అంత ఆలస్యం కాకూడదని ఇది రాస్తున్నాను.

ముందుగా కాస్త పరిచయం. శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన క్విక్‌సిల్వర్ మెసెంజర్ సర్వీస్ అనే రాక్ బృందం 1969 మార్చిలో విడుదల చేసిన రెండో ఆల్బమ్ ఇది. జాన్ సిపొలీనా, గ్యారీ డంకన్ గిటార్లు వాయించారు. డేవిడ్ ఫ్రైబర్గ్ బేస్ గిటార్, గ్రెగ్ ఎల్మోర్ డ్రమ్స్. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం 1968లో జరిగిన కచేరీల నుంచి తీసుకున్నదే. న్యూయార్క్‌లో ఫిల్‌మోర్ ఈస్ట్, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిల్‌మోర్ వెస్ట్, ఈ రెండు హాళ్లలో జనం ముందు అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించిన సంగీతం.

1. ఫోన్‌లో సెట్టింగులు సరిచేసుకోండి

ఎల్‌పీ రికార్డు దొరికితే అంతకంటే కావలసింది లేదు. ఫోన్‌లో వినేవాళ్లు మాత్రం మూడు పనులు చేయాలి. షఫుల్ ఆపేయండి. ఒక పాట చివర మీద ఇంకో పాట మొదలయ్యే క్రాస్‌ఫేడ్‌ను సున్నాకు తెచ్చేయండి. పాటల మధ్య ఖాళీ రాకుండా చేసే గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. రికార్డు మొదటి వైపంతా ‘హూ డూ యూ లవ్’ అనే ఒకే పాట, మొదట చెప్పిన 25 నిమిషాల పాట అదే. అయినా యాప్‌లో ఆరు ముక్కలుగా కనిపిస్తుంది. షఫుల్‌లో ఉంటే ఆ ముక్కలు కలగాపులగం అవుతాయి. మధ్యలో ప్రకటనలు వచ్చే ఉచిత ఖాతాలో దీన్ని వినకపోవడమే మంచిది. ఫోన్ స్పీకర్‌లో బేస్ సరిగా వినిపించదు, కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

2. తాళం నోటికి తెచ్చుకోండి

ఈ మెట్టు మాత్రం దాటేయకండి. ఆల్బమ్‌లోని రెండు ముఖ్యమైన పాటలు, ‘హూ డూ యూ లవ్’, ‘మోనా’, షికాగోలో పేరు తెచ్చుకున్న బో డిడ్లీవి. 1950ల నాటి పాటలు. ఆయన పేరు మీదే ఒక తాళం ఉంది. పదహారు మాత్రల్లో ఐదు దెబ్బలు పడతాయి, అవి సమాన దూరంలో ఉండవు. ఇంగ్లీషు పుస్తకాల్లో దీనికి చాలా వివరణలు కనిపిస్తాయి. మనకు అంత శ్రమ అక్కర్లేదు, మృదంగం జతుల్లో చెప్పుకుంటే సరిపోతుంది:

తకిట – తకిట – తకధిమి – తక – తకధిమి

మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు, మొత్తం పదహారు. ప్రతి మాటలోని మొదటి ‘త’ దగ్గర మాత్రమే బల్ల మీద ఒక దెబ్బ వేయండి. మొదట నెమ్మదిగా, తర్వాత కాస్త వేగం పెంచి ఓ ఇరవై సార్లు అనండి. మూడో దెబ్బ తర్వాత కొంచెం ఆగినట్టు, ఆ వెంటనే రెండు దెబ్బలు దగ్గర దగ్గరగా పడినట్టు ఉంటుంది. ఊపంతా అక్కడే ఉంది.

ఇప్పుడు రెండో వైపు మొదట్లో ఉన్న ‘మోనా’ పెట్టండి. ఏడు నిమిషాలే. అవును, రెండో వైపు నుంచే మొదలుపెట్టమంటున్నాను. పెద్ద పాటకు ముందు తాళం చేతిలో పడాలంటే ఇదే దగ్గరి దారి. బల్ల మీద వేస్తూ వినండి. తాళం తప్పితే కంగారు పడకండి, తర్వాతి ఆవృతంలో మళ్లీ అందుకోవచ్చు.

3. ఇద్దరి గిటార్లనూ గుర్తుపట్టండి

సిపొలీనాను గుర్తుపట్టడం తేలిక. అతని స్వరం నిలబడిన చోట వణుకుతుంది. గిటార్ మీద బిగ్స్‌బీ అనే లోహపు మీట ఉంటుంది. కుడిచేత్తో దాన్ని నొక్కితే తీగలన్నీ ఒక్కసారి వదులై స్వరం కిందికి జారుతుంది, వదిలితే పైకొస్తుంది. వీణ మీద ఎడమచేత్తో తీగను పక్కకు లాగి పలికించే గమకాన్ని ఇతను కుడిచేత్తో రాబడతాడన్నమాట. వేళ్లకు పిక్‌లు, అంటే తీగ మీటే గోళ్లలాంటివి, తొడుక్కుని వాయిస్తాడు కాబట్టి మీటు పదునుగా ఉంటుంది. గిటార్‌లో తీగల కదలికను అందుకునే రెండు పికప్‌లను వేర్వేరు ఆంప్లిఫైయర్లకు కలిపాడు. మంద్ర స్వరాలు బేస్ ఆంప్‌లోకి వెళ్తాయి, పై స్వరాలు బాకా మూతుల్లాంటి ఆరు హార్న్‌ల గుండా వస్తాయి. ఆ ఆంప్ ఇప్పుడు క్లీవ్‌లాండ్‌లోని రాక్ అండ్ రోల్ మ్యూజియంలో ఉంది.

డంకన్ ధోరణి వేరు. జాజ్ వాసన ఉన్న, నున్నగా సాగిపోయే వరసలు అతనివి. వణుకు వినిపిస్తే సిపొలీనా, పరుగు వినిపిస్తే డంకన్ అనుకోండి. మొదటి రోజుకు ఆ గుర్తు చాలు.

4. ఇప్పుడు మొదటి వైపు

‘హూ డూ యూ లవ్’ ఆరు భాగాల పేర్లలో ప్రశ్న మారుతూ ఉంటుంది. ఎవరిని, ఎప్పుడు, ఎక్కడ, ఎలా, దేన్ని, చివరికి మళ్లీ ఎవరిని. మొదటి మూడున్నర నిమిషాలు పాట ఉంటుంది. తర్వాతి ఐదు నిమిషాలు డంకన్‌వి. ఇక్కడ మనసు అటూ ఇటూ పోతే తాళం పట్టుకోండి, అదే మిమ్మల్ని వెనక్కి తెస్తుంది. కర్ణాటక సంగీత కచేరీలో నెరవల్ విన్న అలవాటు ఉంటే ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. నెరవల్‌లో సాహిత్యం ఒక్క పంక్తే, తాళంలో దాని చోటు మారదు, చుట్టూ సంగీతం మాత్రం ప్రతిసారీ కొత్తగా పెరుగుతుంది.

ఎనిమిదిన్నర నిమిషాలు దాటాక మూడో భాగం వస్తుంది. చాలామంది వదిలేసేది ఇక్కడే. నాకు మాత్రం ఆల్బమ్ మొత్తంలో ప్రాణంతో సమానమైన ఆరు నిమిషాలివి. డ్రమ్స్ వెనక్కి తగ్గుతాయి. గిటార్లు దాదాపు మౌనంగా అయిపోయి, ఒక్కో స్వరాన్ని గాలిలోకి వదులుతుంటాయి. హాల్లో ఎవరో కేక వేస్తారు, ఇంకెవరో చప్పట్లు మొదలుపెడతారు, గిటార్ వాళ్లకు బదులిస్తుంది. ఇక్కడ వాల్యూమ్ పెంచండి, గదిలో లైటు ఉంటే తీసేయండి. మొదటిసారి గిటార్లను వినండి. రెండోసారి జనాన్ని మాత్రమే వినండి. 1968లో ఆ హాల్లో కూర్చున్నవాళ్లు ఊపిరి బిగపట్టడం, ఉండబట్టలేక అరవడం తెలుస్తుంది. స్టూడియోలో ఎంత డబ్బు పోసినా ఇది దొరకదు.

ఆ నిశ్శబ్దం తర్వాత సిపొలీనా లేస్తాడు. అతని వంతు మూడు నిమిషాలు కూడా ఉండదు, కానీ అంతసేపు దాచుకున్నదంతా ఆ కాస్తలోనే బయటికొస్తుంది. తర్వాత ఫ్రైబర్గ్ పేరు మీదున్న భాగం, ఆ వెంట చివరి పల్లవి. పల్లవి తిరిగి వచ్చినప్పుడు మీ చెయ్యి దానంతట అదే బల్ల మీద దెబ్బ వేస్తే పాట మీకు పట్టుబడినట్టే.

5. మిగిలింది ఇంకో రోజు

ఒకే రోజు అంతా వినేయాలని పట్టు పట్టకండి. రెండో వైపున్న ‘కాల్వరీ’ 13 నిమిషాలకు పైనే ఉంటుంది. కచేరీలోది కాదు, స్టూడియోలోనే అందరూ కలిసి ఒకేసారి వాయించింది. పట్టుకోవడానికి తాళం తేలిగ్గా దొరకదు కాబట్టి దీన్ని అలసిపోయిన చెవులతో వినకండి. చివర్లో ఒకటిన్నర నిమిషాల కౌబాయ్ పాట డ్రమ్మర్ ఎల్మోర్ గొంతులో వస్తుంది. ఆల్బమ్ పేరు దాన్నుంచి వచ్చిందే.

నచ్చితే తర్వాతి వారం ఒక పని చేయండి. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరే పాప్ ఫెస్టివల్‌లో ఈ బృందం వాయించిన మర్నాడు, అదే వేదిక మీద పండిట్ రవిశంకర్ సితార్ వాయించారు. ఆయన ఆనాటి సితార్‌ను, ఈ మొదటి వైపును ఒకే సాయంత్రం వరసగా వినండి. సితార్ ముందు, గిటార్లు తర్వాత.