కెనడాలో పిల్లల్ని స్కేటింగ్‌లో చేరుస్తున్నారా? ముందు బూటు సంగతి చూడండి

కెనడాకు కొత్తగా వచ్చిన మనవాళ్ళ ఇళ్ళల్లో చలికాలం మొదలవగానే ఈ మాట వినిపిస్తుంది: "బడివాళ్ళు స్కేటింగ్‌కి తీసుకెళ్తారట, పిల్లకి ఏం కొనాలి?" కొందరు పిల్లలు అక్కడితో ఆగరు. టీవీలో ఫిగర్ స్కేటింగ్ చూసి, అదే నేర్చుకుంటామని పట్టుబడతారు. నేర్పించండి, చక్కటి విద్య. డబ్బు మాత్రం ముందు బూటు మీద, బ్లేడు సాన మీద పెట్టండి. మెరిసే డ్రెస్సు, చక్రాల బ్యాగు తర్వాత చూసుకోవచ్చు.

"ఎదిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దది తీసుకుందాం" అనేది మనందరి ఇళ్ళలో ఉన్న అలవాటే. స్కేటింగ్ బూటు దగ్గర మాత్రం ఆ లెక్క చేటు చేస్తుంది. బూటు వదులైతే లోపల మడమ పైకి లేస్తుంది, చీలమండ లోపలికి వాలిపోతుంది. పిల్ల గోడ పట్టుకుని వదలదు. మనమేమో పిల్లకి భయం అనుకుంటాం. ఫిగర్ స్కేట్స్ సైజు చాలా బ్రాండ్లలో మామూలు షూ సైజు కంటే అర నుంచి ఒక సైజు తక్కువ ఉంటుంది. బ్రాండుని బట్టి ఇది మారుతుంది కాబట్టి పాదం కొలిపించుకునే కొనాలి.

కొనేముందు షాపులోనే ఇలా చూడండి. పలచటి సాక్సుతో బూటు తొడిగి, మడమను వెనక్కి ఆనించి, లేసులు కట్టండి. నిటారుగా నిలబడితే వేళ్ళ చివర్లు ముందు భాగాన్ని తాకీ తాకనట్టుండాలి. మోకాళ్ళు వంచితే వేళ్ళు కొంచెం వెనక్కి రావాలి. మడమ మాత్రం కదలకూడదు. చలి కదా అని రెండు జతల ఉన్ని సాక్సులు వేస్తే, పాదానికి బూటు మీద పట్టు పోతుంది.

హాకీ స్కేట్స్‌తో ఫిగర్ స్కేటింగ్ నేర్చుకోలేరు. ఫిగర్ బ్లేడుకి ముందువైపు పళ్ళు ఉంటాయి, వాటిని టో పిక్ అంటారు. హాకీ బ్లేడుకి అవి ఉండవు. పెద్ద స్టోర్లలో చవగ్గా దొరికే మెత్తటి బూట్లు చీలమండని ఆపలేవు. అలాగని రెండు, మూడు చుట్ల జంప్‌ల కోసం చేసిన ఖరీదైన బూట్లూ వద్దు. అవి మరీ బిరుసు, కొత్తపిల్లల మోకాళ్ళు వంగనివ్వవు. ఒంటారియో కంపెనీ జాక్సన్, అమెరికా కంపెనీ రీడెల్ రెండూ మొదటి మెట్టు బూట్లు చేస్తాయి. సెకండ్ హ్యాండ్ అయినా ఫరవాలేదు. చీలమండ దగ్గర తోలుని వేళ్ళతో నొక్కి చూడండి. మెత్తబడి పక్కకి వాలితే దాని పని అయిపోయినట్టే.

ఇక సాన. బ్లేడు అడుగు చదునుగా ఉండదు. మధ్యలో సన్నటి గాడి, దానికి రెండు పక్కలా లోపలి అంచు, బయటి అంచు ఉంటాయి. స్కేటింగ్ అంతా ఈ అంచుల మీదే నడుస్తుంది. కొత్త బ్లేడు చాలావరకు సాన పెట్టకుండానే వస్తుంది, షాపులో అడగండి. తర్వాత సుమారు 20–30 గంటల ఆటకి ఒకసారి పట్టించాలి. ఫిగర్ బ్లేడు తెలిసినవారికే ఇవ్వండి. హాకీ బ్లేడ్లే అలవాటైన చోట, టో పిక్ అడుగు పన్నుని కూడా అరగదీసేసే ప్రమాదం ఉంది.

లేసులు వేళ్ళ దగ్గర కొంచెం వదులుగా, పాదం వంపు దగ్గర గట్టిగా, పై కొక్కేల దగ్గర మోకాలు వంగేంతగా కట్టాలి. మంచు దాటి అడుగు పెడితే ప్లాస్టిక్ గార్డులు తొడగాలి. ఇంటికొచ్చాక మాత్రం ఆ గార్డుల్లో ఉంచకండి, లోపలి తడికి బ్లేడు తుప్పు పడుతుంది. బట్టతో తుడిచి, మెత్తటి గుడ్డ కవర్లు తొడగండి.

క్లాసుల విషయానికొస్తే, దేశంలో ఫిగర్ స్కేటింగ్‌ని నడిపే సంస్థ స్కేట్ కెనడావారి క్యాన్‌స్కేట్ అనే కొత్తవాళ్ళ శిక్షణ మంచి మొదలు. ఆరు స్టేజీలు ఉంటాయి. బ్యాలెన్స్, కంట్రోల్, ఎజిలిటీ (చురుకుదనం) అని మూడు భాగాలుగా నేర్పుతారు. ఐదో స్టేజీ పూర్తయ్యేదాకా సి.ఎస్.ఎ. (కెనడా భద్రతా ప్రమాణాల) గుర్తున్న హాకీ హెల్మెట్ తప్పనిసరి, సైకిల్ హెల్మెట్ ఒప్పుకోరు. గ్లవ్స్ తప్పకుండా ఉండాలి. లావు జాకెట్ కంటే పలచటి పొరలు మేలు. చున్నీలు, వేలాడే మఫ్లర్లు వద్దు.

మొదటి క్లాసులో పడటం, లేవటం నేర్పుతారు. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పడబోతున్నామనిపిస్తే మోకాళ్ళు వంచి, పక్కకి, తొడ మీదకి వాలాలి. చేతులు వెనక్కి ఆనిస్తే మణికట్టు దెబ్బతింటుంది. లేచేటప్పుడు మోకాళ్ళ మీదికి వచ్చి, ఒక పాదం ముందు పెట్టి, ఆ మోకాలి మీద రెండు చేతులూ ఆనించి లేవాలి. ఇంట్లో తివాచీ మీద ముందే సాధన చేయించవచ్చు.

హైదరాబాద్‌లో రోలర్ స్కేటింగ్ నేర్చుకుని వచ్చిన పిల్లలకి బ్యాలెన్స్ త్వరగా కుదురుతుంది. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో కాంస్యాలు గెలిచిన అనూప్ కుమార్ యామా మన హైదరాబాదీయే. కాకపోతే ఆగే పద్ధతి వేరు. క్వాడ్ స్కేట్స్‌లో (రెండు వరసల్లో నాలుగు చక్రాలున్న రోలర్ స్కేట్స్) ముందున్న రబ్బరు స్టాపర్‌ని నేలకి ఆనించి ఆగేవాళ్ళు, ఇక్కడ టో పిక్‌తో అలా ప్రయత్నిస్తే బోర్లా పడతారు. స్నోప్లవ్ స్టాప్ (కాలివేళ్ళు లోపలికి, మడమలు బయటికి తిప్పి మంచుని గీరుతూ ఆగడం) కుదిరేదాకా వేగం వద్దని గట్టిగా చెప్పండి.

జంప్‌లెప్పుడు నేర్పుతారని కోచ్‌ని తొందరపెట్టకండి. ముందు ఒంటికాలి మీద జారడం, వెనక్కి స్కేట్ చేయడం, బ్లేడు అంచుల మీద జారడం రావాలి. వారానికి ఒక క్లాసుతో పాటు, ఊరి రింక్‌లో (స్కేటింగ్ చేసే మంచు మైదానం) అందరికీ తెరిచి ఉంచే పబ్లిక్ స్కేటింగ్ సమయంలో ఒకసారి తీసుకెళ్తే తేడా మీకే కనిపిస్తుంది. మీరూ దిగండి, అద్దె స్కేట్స్ దొరికే రింక్‌లు ఉంటాయి. ఒట్టావాలో రీడో కాలువ గడ్డకడితే 7.8 కిలోమీటర్ల పొడవునా స్కేటింగే. అక్కడికి ఇంటిల్లిపాదీ వెళ్ళాలంటే ఒక్క పిల్లకి వస్తే చాలదు.

రిజిస్ట్రేషన్ తేదీలు మీ ఊరి రిక్రియేషన్ వెబ్‌సైట్‌లో ముందే చూసి పెట్టుకోండి, మంచి టైమింగ్‌లు నిమిషాల్లో నిండిపోతాయి. వసంతంలో చాలా రింక్‌లు మంచు తీసేస్తాయి. వేసవిలోనూ మంచు ఉంచే రింక్ దగ్గర్లో ఏదుందో మార్చిలోపే కోచ్‌ని అడగండి.