ఏబీజీలో పీసీఓ2 నార్మల్‌గా ఉందని సంబరపడకండి

ఐసీయూ డ్యూటీలో కొత్తగా చేరిన హౌస్ సర్జన్లకు ఒక మాట. షుగర్ పేషెంటు కీటోఅసిడోసిస్‌తో, అంటే రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకుపోయి వచ్చాడు. ఏబీజీలో, అంటే ధమని రక్తంలోని వాయువుల పరీక్షలో, పీహెచ్ 7.04, బైకార్బొనేట్ (ఆమ్లాన్ని తటస్థం చేసే క్షారం) 10, పీసీఓ2 (రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం) 38. ఈ 38 చూడగానే ‘35-45 మధ్యే ఉందిగా’ అనిపిస్తుంది. అక్కడే బోల్తా పడతాం.

బైకార్బొనేట్‌ను ఒకటిన్నరతో హెచ్చవేసి 8 కలపండి. 23 వస్తుంది, రెండు అటూ ఇటూ; ఈ పేషెంటుకు పీసీఓ2 ఉండాల్సింది అంతే. రక్తంలో ఆమ్లం పెరిగితే ఊపిరితిత్తులు గబగబా కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసేసి అక్కడిదాకా దించాలి. దిగలేదంటే మనిషి ఆయాసపడీ పడీ అలసిపోతున్నాడు, లేదా శ్వాసలోనే ఇంకో తేడా ఉంది. వెంటనే సీనియర్‌ని పిలవండి, మొహమాటం వద్దు.

అన్నట్టు, ఈ లెక్క మెటబాలిక్ అసిడోసిస్‌కే, అంటే ఈ పేషెంటులోలా శ్వాస వల్ల కాకుండా రక్తంలో ఆమ్లం పెరిగినప్పుడే. ఆల్కలోసిస్‌కి (రక్తంలో క్షారం పెరగడం) పనికిరాదు.