కాకినాడ రేవులో బియ్యం ఓడ నింపేటప్పుడు: టాలీకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం

ఇరవై ఆరేళ్లుగా కాకినాడ యాంకరేజీలో (ఓడలు లంగరేసుకునే చోట) బియ్యం ఓడల మీద టాలీ, అంటే ఎక్కే బస్తాల లెక్క, రాస్తున్నాను. ఈ మధ్య కొత్తగా చేరిన కుర్రాళ్లకి పుస్తకం, పెన్నూ ఇచ్చి నేరుగా ఓడ మీదికి పంపేస్తున్నారు. ఏం చూడాలో, ఎక్కడ సంతకం పెట్టకూడదో చెప్పేవాళ్లు ఉండడం లేదు. అందుకే నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు మన రేవు సంగతి. ఇక్కడ ఒడ్డున లోతు తక్కువ. గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అలలకి అడ్డంగా ఉంది కాబట్టి, పెద్ద ఓడలు బయటే లంగరేసుకుని ఉంటే సరుకు బార్జిల (సరుకు మోసే పెద్ద పడవల) మీద వెళ్తుంది. పూర్వం ఈ వ్యాపారం పక్కనున్న కోరంగి రేవుది. బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అనేవారంటే ఆ రేవు పేరు ఎంత దూరం వెళ్లిందో చూడండి. 1839 తుపాను కోరంగిని దెబ్బతీసింది, తర్వాత రేవు మేట కూడా వేసేసింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పండిన పంట, కాలువల మీద పడవల్లో కాకినాడకి చేరేది. 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చి ఓడలు బెర్తుకే (ఒడ్డున ఓడ ఆగే చోటికే) వస్తున్నా, బియ్యం బస్తాల పని చేసే మాకు యాంకరేజీ ఇంకా అన్నం పెడుతోంది.

ఓడ ఎక్కగానే లెక్క మొదలుపెట్టకండి. ముందు హోల్డు (ఓడలో సరుకు నింపే గది) చూడండి. మూతలు తీసి గాలి ఆడనిచ్చారని, లోపల దిగొచ్చని చీఫ్ ఆఫీసర్ (ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారి) చెప్పాకే, తోడుగా ఒక మనిషిని తీసుకుని దిగండి. మూసి ఉన్న హోల్డులో ఆక్సిజన్ తగ్గిపోయి ఉండొచ్చు. అది కంటికి తెలియదు, ముక్కుకీ తెలియదు. లోపల గోడ మీద అరచేయి పెట్టి రుద్దండి. తుప్పు పెచ్చులు చేతికి వచ్చినా, పాత సరుకు వాసన కొట్టినా కడిగించి ఆరబెట్టించాల్సిందే. మూలల్లో నీళ్లు చేరే బిల్జి గుంటలు పొడిగా ఉండాలి, పైన గోనెగుడ్డ బిగించి ఉండాలి. ఆ తర్వాత పట్టపగలే పైమూత మూయించి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఆగి పైకి చూడండి. సూదిమొనంత వెలుగు కనిపించినా అక్కడ నీళ్లు దిగుతాయి. ఆ చోటు సుద్దముక్కతో గుర్తుపెట్టి చీఫ్ ఆఫీసర్‌కి చూపించండి. మూత అంచు రబ్బరు మార్చేదాకా ఒక్క బస్తా కూడా దించనివ్వకండి.

తర్వాత అడుగున వెదురు. గడలు అడ్డంగా, నిలువుగా పరిచి, వాటి మీద తడికలు, తడికల మీద క్రాఫ్ట్ పేపరు. పక్క గోడలకీ అంతే. బస్తా ఎక్కడా ఇనుముకి తగలకూడదు. ఇదంతా ఎందుకని మేస్త్రీలు కూడా అప్పుడప్పుడు విసుక్కుంటారు. మన ఉప్పుడు బియ్యం వెళ్లేది ఎక్కువగా పశ్చిమ ఆఫ్రికాకి. ఇక్కడ మంచి ఎండలో ఎక్కిన బియ్యం, ఆఫ్రికా దక్షిణ కొస చుట్టూ తిరిగేటప్పుడు చల్లటి సముద్రంలోకి వెళ్తుంది. ఓడ ఇనుము చల్లబడుతుంది, బియ్యం మాత్రం వెచ్చగానే ఉంటుంది. అందులోంచి వచ్చే ఆవిరి ఇనుము మీద నీరై కారుతుంది. దీన్నే ఓడ చెమట అంటాం. ఆ నీళ్లు ఒక్క వరస బస్తాల మీద పడినా, అటువైపు దించేసరికి గడ్డకట్టి, బూజుపట్టి ఉంటాయి. వరసల మధ్య గాలి తోవలు వదలడం కూడా అందుకే. తేమ 14 శాతం దాటిన లాటుని సర్వేయర్ (సరుకు తనిఖీ చేసే ఆయన) ఆపితే మీరు ఆయన పక్కన నిలబడండి. సరుకు పంపే పార్టీవాళ్లు ఎంత తొందరపెట్టినా సరే.

ఇప్పుడు లెక్క. 25 వేల టన్నుల ఓడంటే 50 కిలోల బస్తాలు 5 లక్షలు. బస్తా బస్తా లెక్కపెట్టలేం, స్లింగు (ఒకేసారి పైకెత్తే బస్తాల కట్ట) లెక్కే ఆధారం. మేము స్లింగుకి 40 బస్తాలు కట్టిస్తాం. వరసకి ఎనిమిది, ఐదు వరసలు. స్లింగు బార్జి మీంచి లేచి, హ్యాచ్ (హోల్డు పైనోరు) అంచు దాటేలోపు ఐదు వరసలూ నిండుగా ఉన్నాయో లేదో చూడాలి. ఆ కొద్ది క్షణాలు ఫోను జేబులోనే ఉండాలి. నిండుగా ఉంటే ఒక గీత. నాలుగు గీతలకి ఐదోది అడ్డగీత. ఒక వరసలో బస్తా తక్కువుంటే గీత పక్కనే 39 అని రాసేయండి, తర్వాత గుర్తుంటుందిలే అనుకోవద్దు. ఓడ తరఫు టాలీ మనిషి ఇంకో పుస్తకంలో రాస్తుంటాడు. అతని పుస్తకంలోకి తొంగిచూసి రాయకండి.

నేను చేరిన రెండో ఏడు ఆ తప్పు చేశాను. టీ తాగి వచ్చేసరికి ఎన్ని స్లింగులు వెళ్లాయో తెలియక అవతలి పుస్తకం చూసి రాసేశాను. అతనూ ఆ సమయంలో అక్కడ లేడట. సాయంత్రానికి బార్జి చలానాకీ మా ఇద్దరి లెక్కకీ 80 బస్తాలు తేడా. నాలుగు టన్నుల బియ్యం. హోల్డులో పైవరసలు మళ్లీ లెక్కపెట్టారు, రెండు గంటలు పని ఆగింది, జట్టు మొత్తం నా మొహమే చూస్తూ కూర్చుంది. ఆ రాత్రి అన్నం సయించలేదు. అప్పటినుంచి టీకైనా సరే, పుస్తకం ఇంకొకరి చేతిలో పెట్టి, గీత ఎక్కడ ఆగిందో చూపించి మరీ కదులుతాను.

బార్జి ఖాళీ కాగానే లెక్క కట్టేయండి. 400 టన్నుల బార్జి అయితే 8,000 బస్తాలు, అంటే 200 స్లింగులు. చలానా, మీ పుస్తకం, ఓడవాళ్ల పుస్తకం మూడూ కలిస్తేనే రెండు వైపులా సంతకాలు చేయించి ఆ బార్జిని విప్పండి. రేపు చూసుకుందాం అన్న తేడా ఎప్పటికీ తేలదు.

ఆకాశం మీద ఒక కన్ను ఉండాలి. ముఖ్యంగా అక్టోబరు, నవంబరు నెలల్లో. తూర్పున మబ్బు కమ్మితే చినుకు కోసం ఎదురుచూడొద్దు. ముందు బార్జి మీద టార్పాలిన్, తర్వాత హ్యాచ్ మూత. పని ఆగిన టైము, మళ్లీ మొదలైన టైము నిమిషాలతో సహా రాసి చీఫ్ ఆఫీసర్ సంతకం తీసుకోండి. డెమరేజి (ఓడ ఆలస్యానికి కట్టే డబ్బు) తగాదా వస్తే ఆ కాగితమే మాట్లాడుతుంది. పోర్టులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే ఇంక వాదనలేం లేవు, బార్జిలు వెనక్కి రావాల్సిందే.

చిరిగిన బస్తాలు పక్కకి తీయించి కొత్త సంచుల్లోకి ఎత్తించండి. రాలిన గింజలు విడిగా సంచికెత్తాలి, మంచి సరుకులో కలపకూడదు. తడిసిన బస్తా వెనక్కే. ఇవన్నీ సరిచేస్తేనే మేట్ రసీదు (సరుకు అందిందని చీఫ్ ఆఫీసర్ ఇచ్చే కాగితం) మీద ఏ రిమార్కూ పడదు. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కిందని చెప్పే పత్రం) ఆ రసీదు మీదే తయారవుతుంది, బ్యాంకు డబ్బు ఆ పత్రం మీదే వస్తుంది. రిమార్కు రాయాల్సినంత లోపం నిజంగా ఉన్నప్పుడు మాత్రం దాన్ని తీసేయమని చీఫ్ ఆఫీసర్‌ని బతిమాలకండి. ఆ బియ్యం తినేవాళ్లు అవతల ఉన్నారు.

ఆఖరున పురుగుమందు పొగ పెడతారు. ఆ మందులోంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాసు ప్రాణం తీస్తుంది. మందు పెట్టి మూతలు బిగించాక, మర్చిపోయిన చెప్పుల కోసమైనా సరే, హోల్డులోకి దిగొద్దు. కాగితాలన్నీ అయ్యాక టాలీ పుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా లోపల దోపుకోండి. తాడు నిచ్చెన దిగేటప్పుడు రెండు చేతులూ తాడుకే కావాలి. లాంచీ అల మీద పైకి లేచినప్పుడే అందులో కాలు పెట్టండి.