మన వీధిలో డాబాల మీద సోలార్ పెట్టించాలంటే: వైజాగ్‌లో మాకు తెలిసొచ్చినవి

మాది మర్రిపాలెం వైపు ఒక చిన్న సంఘం, ఇళ్ళ మీద సోలార్ పెట్టించుకునేవాళ్ళకి సాయం చేస్తుంటాం. రిజిస్ట్రేషన్ అయితే ఉంది గానీ ఆఫీసంటూ ఏమీ లేదు, ఒక మెంబర్ గారి ఇంటి కింద స్కూటర్లు పెట్టుకునే చోటే ఆఫీసు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబుల్ ఫ్యాను. మొదట్లో మేం కూడా అందరిలాగే బ్యానర్ కట్టి, మైకు పెట్టి, భూమి వేడెక్కిపోతోంది, సముద్రం పొంగుతుంది అని స్పీచులిచ్చాం. వచ్చినోళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు. తర్వాత ఒకాదివారం "మీ కరెంటు బిల్లు పట్టుకుని రండి, అంత ఎందుకొస్తోందో చూసి చెప్తాం" అని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడితే కుర్చీలు సరిపోలేదండీ బాబూ. మీ కాలనీలో ఇలాంటి పని మొదలెడదాం అనుకుంటే అక్కణ్ణుంచే మొదలెట్టండి, బిల్లు దగ్గర్నుంచి.

బిల్లు చూసేటప్పుడు స్లాబులు, అంటే ఎక్కువ కాల్చేకొద్దీ యూనిట్ రేటు పెరిగే మెట్లు, అర్థమయ్యేలా చెప్పాలి, అసలు కిటుకంతా అందులోనే ఉంది. మన రాష్ట్రంలో 2022 నుంచి నడుస్తున్న స్లాబులు ఇవి: మొదటి 30 యూనిట్లు ఒక్కోటి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆ పైన 9.75. నెలకి 300 యూనిట్లు కాల్చే ఇల్లు తీసుకుంటే యూనిట్ల డబ్బులే 1673 అవుతాయి, ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు వేరే. ఒక కిలోవాట్ సోలార్ మన ఎండకి నెలకి సుమారు 110 యూనిట్లు ఇస్తుంది అనుకోండి, అవి తీసేస్తే 190 యూనిట్లు మిగులుతాయి, బిల్లు 807. అంటే మూడో వంతు కరెంటు తగ్గితే డబ్బులు సగానికి పైగా తగ్గాయి, ఎందుకంటే పోయినవి పైనున్న ఖరీదైన యూనిట్లు. ఈ లెక్క వాళ్ళ సొంత బిల్లు మీదే పెన్నుతో వేసి చూపించండి, స్క్రీన్ మీద స్లైడులు వేస్తే ఎవడూ నమ్మడు.

ఇంకోటి, అందరికీ సోలార్ అంటగట్టకండి. నెలకి 100 యూనిట్లు దాటని ఇంటికి సోలార్ డబ్బులు వెనక్కి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. వాళ్ళకి ముందు ఫ్యాన్ల సంగతి చెప్పండి. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటు తినే కొత్తరకం మోటారుది) 30, 35 వాట్లతో తిరుగుతుంది, నాలుగు ఫ్యాన్లు రోజుకి 12 గంటలు తిరిగే ఇంట్లో నెలకి 57 నుంచి 65 యూనిట్ల దాకా మిగులుతాయి. కొండవాలు మీద రేకుల ఇళ్ళకి కూడా ఇదే నయం, బలం లేని రేకుల మీద ప్యానెళ్ళు ఎక్కించి గాలివానకి వదిలేయడం పాపం. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకి రాష్ట్ర ప్రభుత్వం వేరేగా సోలార్ స్కీము పెట్టింది, అలాంటి వాళ్ళు సొంత డబ్బు పెట్టేముందు వార్డు సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌ని కలవమని చెప్పండి.

తర్వాత మేడెక్కి చూడటం. కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగుల చోటు కావాలి, అదీ నీడ పడని చోటు. ఉదయం తొమ్మిదింటికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి ఎక్కి ఫోటో తీసుకోండి, వాటర్ ట్యాంకు నీడ, పక్కింటి కొబ్బరిచెట్టు నీడ ఎక్కడిదాకా వస్తున్నాయో తేలిపోతుంది. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా దాంతో కలిపిన వరస మొత్తం నీరసపడే సెటప్పులే ఎక్కువ. చెట్టు కొట్టేద్దాం అనేవాళ్ళుంటారు, ఒప్పుకోకండి, హుద్‌హుద్ తుఫానుకి పోయిన చెట్లు చాలు ఈ ఊరికి, ప్యానెళ్ళనే ఇంకో మూలకి జరపండి. మొహం దక్షిణానికి, వాలు 15 నుంచి 18 డిగ్రీలు ఉంటే మనకి సరిపోతుంది.

ఇక్కడే అసలు గొడవ వస్తుంది, ఇంట్లో ఆడవాళ్ళ దగ్గర్నుంచి. మా వీధిలో ఒక పిన్నిగారు సూటిగా అడిగేశారు, "మరి వడియాలు ఎక్కడ ఎండబెట్టుకోవాలి బాబూ, ఆవకాయ రోజుల్లో మిరపకాయలు నీ నెత్తి మీద ఆరబెట్టనా?" అని. ఆవిడ అడిగిందాంట్లో తప్పేటి లేదు. వెంటనే ఇన్‌స్టాలర్లు "స్టాండు ఎనిమిదడుగుల ఎత్తు లేపేద్దాం, కింద నీడకి కూర్చోవచ్చు" అంటారు. వినడానికి బాగుంటుంది గానీ ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు పెరుగుతుంది, హుద్‌హుద్ వచ్చిన 12 అక్టోబర్ 2014 ఈ ఊళ్ళో చూసినోళ్ళకి గాలి గురించి వేరే చెప్పక్కర్లేదు కదా. ఎత్తు లేపాలంటే కాళ్ళు పైపైన బోల్టులేసి వదిలేయకుండా గట్టి కాంక్రీటు దిమ్మలు, అడ్డ బ్రేసింగులు ఉండాలి, ఎంత గాలికి డిజైన్ చేశారో కాగితం మీద రాసిమ్మని అడగాలి. మేమైతే చాలా ఇళ్ళలో సగం డాబా ప్యానెళ్ళకి, సగం వడియాలకి అని రాజీ చేశాం, పిట్టగోడ కన్నా కొంచెం ఎత్తులోనే ఆపేశాం.

ఉప్పు గాలి సంగతి మాత్రం నేనే దెబ్బ తిని నేర్చుకున్నాను. మా ఇంటికి పెట్టినోడు మామూలు నట్లు బోల్టులు వాడేశాడు, ఒక వానాకాలం తిరిగేసరికి ఎర్రగా తుప్పు, నీళ్ళు కారి సున్నం వేసిన గోడంతా చారలు. ఫోన్ చేస్తే "సముద్రం దగ్గర అంతే సార్" అన్నాడు. అంతే కాదు. హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత వేయడం) చేసిన స్ట్రక్చర్ గానీ అల్యూమినియం గానీ, నట్లు బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అని కొటేషన్‌లోనే రాయించుకోండి. ఎర్తింగు, పిడుగుల అరెస్టరు కూడా. నోటిమాట మీద ఒక్కటీ వదలొద్దు.

కాగితాల పని. సగం అప్లికేషన్లు ఆగిపోయేది టెక్నికల్‌గా కాదు, బిల్లు ఇంకా తాతగారి పేరు మీద ఉండటం వల్ల. ఆయన పోయి పదేళ్ళయినా మీటరు ఆయనదే. ముందు పేరు మార్పు చేయించండి, ఆధార్‌లో, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు, బిల్లు మీద పేరు ఒకేలా ఉన్నాయో లేదో చూడండి, ఇంటిపేరు ఒక చోట ముందు ఒక చోట వెనక ఉన్నా తలనొప్పే. మా సంఘంలో రిటైరైన ఒక మావయ్యగారికి ఈ పని అప్పజెప్పాం, ఆయన చూసి టిక్కు పెట్టాకే అప్లికేషన్ వెళ్తుంది. తర్వాత కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ స్కీము పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో డిస్కం (కరెంటు కంపెనీ) దగ్గర మన వైపుది ఏపీఈపీడీసీఎల్ ఎంచుకుని సర్వీస్ నంబరుతో అప్లై చేయడమే. ఈ స్కీము 2024 ఫిబ్రవరిలో వచ్చింది, సబ్సిడీ 1 కిలోవాట్‌కి 30 వేలు, 2 కిలోవాట్లకి 60 వేలు, 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెడితే 78 వేలు, అక్కడితో ఆఖరు. అంటే 5 కిలోవాట్లు పెట్టినా అదే 78 వేలు, అందుకే ఎక్కువమంది 3 దగ్గర ఆగుతారు. ఈ డబ్బు ముందు రాదు, అంతా బిగించి, డిపార్ట్‌మెంటు వాళ్ళు చూసి, నెట్ మీటరు (మనం వాడిందీ, లైన్లోకి పంపిందీ రెండూ లెక్కేసేది) పెట్టాక ఖాతాలో పడుతుంది. ప్యానెళ్ళు మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవి అయితేనే వస్తుంది, డీసీఆర్ అంటారు, చవగ్గా వస్తున్నాయని వేరేవి పెట్టించుకుంటే సబ్సిడీ మీద నీళ్ళు వదులుకోవడమే. చేతిలో డబ్బు లేకపోతే 3 కిలోవాట్ల దాకా 2 లక్షల లోపు తాకట్టు లేని లోన్లు ప్రభుత్వ బ్యాంకులు ఇస్తున్నాయి.

వెండర్ల విషయంలో సంఘానికి ఒకటే రూలు, ఎవరి దగ్గరా పైసా కమిషన్ తీసుకోకూడదు. ఇది మొదటి మీటింగులోనే మినిట్స్ బుక్కులో రాసి సంతకాలు పెట్టండి, లేకపోతే మూడో నెలకల్లా "ఆళ్ళకి ఎంత ముట్టిందో" అనే మాట వీధి చివరిదాకా పాకుతుంది. పోర్టల్‌లో రిజిస్టర్ అయిన ముగ్గురిని పిలిచి, పది ఇళ్ళు కలిసి ఒకేసారి అడిగితే రేటు కొంచెం దిగుతుంది. అడ్వాన్స్ కొంత, సామాను మేడెక్కాక కొంత, మీటరు తిరిగాక మిగతాది, అలా విడగొట్టండి. 5 ఏళ్ళ మెయింటెనెన్స్ వెండరే చూడాలని స్కీములోనే ఉంది, దానికి ఎక్స్‌ట్రా అడిగితే నవ్వి ఊరుకోండి.

డబ్బు కట్టేముందు ప్రతి ఒక్కరికీ చెప్పి తీరాల్సిన మాట ఒకటుంది: బ్యాటరీ లేకుండా వీధి లైనుకి కలిపిన సోలార్ (ఆన్‌గ్రిడ్ అంటారు), వీధిలో కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. పైన ఎండ దంచేస్తున్నా సరే. మన ప్యానెళ్ళ కరెంటు లైన్లోకి వెళ్తే స్తంభం ఎక్కిన లైన్‌మేన్‌కి ప్రాణం మీదకొస్తుంది కాబట్టి ప్యానెళ్ళ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ దానంతటదే ఆపేసుకుంటుంది. ఇది ముందు చెప్పకపోతే మొదటి పవర్ కట్‌కే మీ ఇంటిముందుకొచ్చి నిలబడతారు. మాకు అయింది ఆ సన్మానం.

అపార్ట్‌మెంట్లలో పైకప్పు అందరిదీ కాబట్టి ఎవరికి వాళ్ళు పెట్టుకోవడం పెద్ద పేచీ. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు ఉన్న కామన్ మీటరుకి అసోసియేషన్ పేరు మీద పెట్టించండి, దానికి కిలోవాట్‌కి 18 వేలు సబ్సిడీ ఉంది, మెయింటెనెన్స్ తగ్గుతుందంటే ఎదురు చెప్పేవాడు ఉండడు. ఇంకా అనుమానంగా ఉన్నవాళ్ళని ఒక సాయంత్రం ముడసర్లోవ తీసుకెళ్ళండి, అక్కడ రిజర్వాయర్ నీళ్ళ మీదే మన కార్పొరేషన్ జీవీఎంసీ 2 మెగావాట్ల ప్యానెళ్ళు తేలేలా పెట్టింది. పిల్లలకీ షికారు అవుతుంది.

బిగించాక సంఘం పని అయిపోయింది అనుకుంటారు గానీ సగం పని అప్పుడే మొదలు. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్ వైపు పోర్టు బొగ్గు దుమ్ము ప్యానెళ్ళ మీద నల్లగా పేరుకుంటుంది (బొగ్గు మానేద్దాం అని సోలార్ పెడితే దాని మీదకీ బొగ్గే వచ్చి కూర్చుంది చూడండి), అక్కడ వారానికోసారి కడగాలి, మిగతా చోట్ల ఎండాకాలంలో రెండు వారాలకోసారి చాలు, వానలు పడేటప్పుడు చాలావరకు వానే చూసుకుంటుంది. తెల్లారే కడగాలి, మిట్టమధ్యాహ్నం కాగిపోయిన అద్దం మీద చల్లనీళ్ళు పోయకూడదు. మెత్తటి మాపు, మామూలు నీళ్ళు, సబ్బు పొడి వద్దు, పీచు అసలే వద్దు, బోరు నీళ్ళైతే ఆరకముందే తుడిచేయాలి, లేకపోతే ఉప్పు మరకలు పట్టేస్తాయి. మా దగ్గర పొడుగు కర్ర మాపు ఒకటి సంఘం ఖర్చుతో కొని వంతులవారీగా తిప్పుతున్నాం. ఇక సెప్టెంబర్ ఆఖర్లో, తుఫాన్ల సీజను ముదరకముందే, ఇద్దరు కుర్రాళ్ళు స్పానర్ పట్టుకుని ఇంటింటి మేడా ఎక్కి నట్లు బిగించి చూసొస్తారు, ఆ రోజు భోజనం ఆ పిన్నిగారింట్లోనే, వడియాలతో.